హైపో, వెలిగారం, బోరు నీళ్లు: పాత ఫొటో ఎందుకు నిలిచింది, ఎందుకు పోయింది

మా చిన్నాయన చేతికి ఏ పాత ఫొటో ఇచ్చినా మొదట అందులోని మనుషుల్ని చూడడు. వెలుతురుకు ఏటవాలుగా పట్టి అంచులు చూస్తాడు. వెనక్కి తిప్పి కాగితం చూస్తాడు. ఒక్కోసారి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. నల్లగొండ జిల్లా దేవరకొండలో ముప్పై ఏళ్లకు పైగా స్టూడియో నడిపిన మనిషి, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది!

మొన్న దసరాకు ఊరెళ్లినప్పుడు ఆయన ముందు మూడు ఫొటోలు పెట్టాను. మొదటిది 1950ల మొదట్లో, పెళ్లయిన కొత్తలో మా తాత, నాయనమ్మ దిగిన ఫొటో. అంచులు వంకీలు వంకీలుగా కత్తిరించి ఉన్నాయి. ఇప్పటికీ నిన్న కడిగినట్టే ఉంది. రెండోది మా మేనత్త పెళ్లిది. అదీ బ్లాక్ అండ్ వైటే, కానీ పసుపు నీళ్లలో ముంచి తీసినట్టు మారిపోయింది. మూడోది 1988లో నేను బడికి పోతున్నప్పటి కలర్ ఫొటో. వెలుతురు తగలకుండా ఆల్బంలోనే ఉంది, అయినా ఆకాశం, చొక్కా, మొహం అన్నీ ఎర్రబారాయి.

"ఎక్కువ పాతది బాగుంది, కొత్తవి పోయినయి. ఎందుకు చిన్నాయనా?" అంటే ఆయన చెప్పిన జవాబు ఇది: "మొదటిది మా ఉస్తాద్ కడిగిండు. రెండోది నేను కడిగిన, పెండ్లిళ్ల సీజన్ల. మూడోది మిషన్ కడిగింది."

మూడు ఫొటోల గురించీ ఆయన 'కడగడం' గురించే మాట్లాడాడు. కెమెరా ఊసే ఎత్తలేదు. మన భాషలో కూడా ఫొటో తీస్తాం, ఆ తర్వాత కడుగుతాం. ఆ రెండో మాటను మనం పెద్దగా పట్టించుకోం. ఫొటో ఎన్నేళ్లు బతకాలో తేలేది మాత్రం అక్కడే. డార్క్‌రూమ్‌లో ఏముండేది, ఏది దేనికి అన్నది తెలిస్తే ఆయన జవాబు అర్థమవుతుంది.

దుక్కిలో విత్తనం

ఫిల్ము అంటే ప్లాస్టిక్ పట్టీ మీద పలచగా పూసిన జెలటిన్. ఆ జెలటిన్‌లో కంటికి కనిపించనంత సన్నటి వెండి ఉప్పు రేణువులుంటాయి. వాటిలో ఎక్కువ భాగం సిల్వర్ బ్రోమైడ్, కొంచెం సిల్వర్ అయొడైడ్. జెలటిన్‌ను పశువుల ఎముకలు, చర్మాల నుంచి తీస్తారు. ఒకప్పుడు కొన్ని రకాల జెలటిన్‌తో చేసిన ఫిల్ము చురుగ్గా ఉండేది, అంటే కొద్ది వెలుతురుకే స్పందించేది, కొన్నింటితో చేసింది మందకొడిగా ఉండేది, ఎందుకో తెలిసేది కాదు. 1920ల్లో కోడక్ కంపెనీ శాస్త్రవేత్త శామ్యూల్ షెపర్డ్ దాని గుట్టు కనిపెట్టాడు. ఆవ జాతి మొక్కల్లో ఉండే గంధకపు పదార్థం పశువుల మేత ద్వారా జెలటిన్‌లోకి చేరి ఫిల్ము చురుకుదనాన్ని పెంచుతోందట. ఆవులు ఆవ మేయడం వల్ల ఫొటోలు బాగా వచ్చాయన్నమాట.

షట్టర్ తెరుచుకున్న క్షణంలో ఫిల్ము మీద వెలుతురు పడుతుంది. దుక్కిలో విత్తనం పడ్డట్టే, పైకి ఏమీ కనబడదు. వెలుతురు తగిలిన ఒక్కో రేణువులో నాలుగైదు వెండి పరమాణువులు ఒకచోట పోగవుతాయి, అంతే. డెవలపర్ అనే మందు వానలా పడ్డప్పుడు, ఆ చిన్న మొలక ఉన్న రేణువు మొత్తం నల్లటి వెండిగా మారిపోతుంది. ఒక్కో రేణువులో వందల కోట్ల పరమాణువులుంటాయి. కొద్ది పరమాణువులతో మొదలైన పనిని అంత పెద్దది చేయగలగడమే ఫొటోగ్రఫీలోని అసలు కిటుకు. వాన మరీ ఎక్కువైతే విత్తనం పడని చోట కూడా కలుపు లేస్తుంది. వెలుతురు తగలని రేణువులు కూడా నల్లబడి, ఫిల్మంతా మసక కమ్ముతుంది. స్టూడియోవాళ్లు దాన్ని 'ఫాగ్' అంటారు.

వెలుతురు ఎక్కువ పడ్డచోట ఎక్కువ నలుపు కాబట్టి తెల్ల పంచె నల్లగా, నల్ల జుట్టు తెల్లగా వస్తుంది. అదే నెగెటివ్. దాన్ని మళ్లీ వెండి ఉప్పు పూసిన కాగితం మీదికి వెలుతురుతో దింపితే తిరగబడింది మళ్లీ తిరగబడి మామూలు బొమ్మ అవుతుంది. ఇంట్లో దాచుకున్న ఒక్కో బ్లాక్ అండ్ వైట్ ఫొటో కోసం ఇదంతా రెండుసార్లు జరిగింది, ఒకసారి ఫిల్ము మీద, ఇంకోసారి కాగితం మీద.

కెమెరా గురించి కొంచెమే

ఉస్తాద్ దగ్గర ఉండేది నల్లగుడ్డ కప్పుకొని చూసే చెక్క కెమెరా. అందులో గాజు ప్లేటు పెట్టేవాళ్లు. చిన్నాయన చేతికొచ్చేసరికి రెండు లెన్సుల యాషికా, 120 రీలు. ఒక రీలుకు 12 ఫొటోలు. ఇళ్లలో సరదా పడేవాళ్ల దగ్గర అగ్ఫా క్లిక్ త్రీ ఉండేది, అదీ 120 రీలుదే. 1980ల నాటికి 36 ఫొటోల 35 ఎంఎం రీలు పెళ్లిళ్లను ఆక్రమించింది. అందులో ఫ్రేము 24×36 మిల్లీమీటర్లు. 120 రీలు చదరపు ఫ్రేము దానికి మూడున్నర రెట్లు పెద్దది. పాత స్టూడియో ఫొటోలో చీర అంచు పోగులు కూడా లెక్కపెట్టేట్టు కనబడటంలో లెన్సు గొప్పతనం కంటే ఈ వైశాల్యం వాటా ఎక్కువ.

రీళ్ల విషయానికొస్తే విదేశీ సరుకు ఖరీదు, దొరకడమూ కష్టం. ఊటీలో 1960లో పెట్టిన ప్రభుత్వ సంస్థ హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో ఫిల్ము, ఫొటోలు ప్రింటు తీసే బ్రోమైడ్ పేపరు చేసేది. తూర్పు జర్మనీ నుంచి ఓర్వో వచ్చేది. ఓర్వో డబ్బా మీద ఎన్‌పీ 22, ఎన్‌పీ 27 అని ఉండేది. ఆ అంకెలు జర్మన్ల డిన్ కొలత, ఫిల్ము ఎంత చురుకో చెబుతాయి. డిన్‌లో మూడు పెరిగితే చురుకుదనం రెట్టింపు. 22 అంటే ఇప్పటి ఐఎస్ఓ లెక్కలో సుమారు 125, 27 అంటే 400. మా ఎండకు 22 చాలు, ఫంక్షన్ హాల్లో 27 కావాలి. ఖర్చు తగ్గించుకోవడానికి వంద అడుగుల ఫిల్ము డబ్బా తెచ్చి చీకట్లో ఖాళీ క్యాసెట్లలోకి చుట్టుకునేవాళ్లు. ఒక డబ్బాకు 36 ఫొటోల రీళ్లు పద్దెనిమిది దాకా అయ్యేవి.

ఎర్ర బల్బు చిక్కు

డార్క్‌రూమ్ అనగానే సినిమాలో చూపించే ఎర్ర బల్బు గుర్తుకొస్తుంది. ఆ బల్బు కింద ఫిల్ము కడగొచ్చనుకుంటారు చాలామంది. కడిగితే రీలంతా నల్లబొగ్గే.

వెండి ఉప్పుకు పుట్టుకతో కనిపించేది నీలం, ఊదా, అతినీలలోహిత కాంతి మాత్రమే. ఎరుపు విషయంలో అది గుడ్డిది. 1873లో జర్మనీలో హెర్మన్ ఫోగెల్ ఎమల్షన్‌లో, అంటే వెండి ఉప్పున్న ఆ జెలటిన్ పూతలో, కొన్ని రంగులు కలిపితే ఆకుపచ్చ కూడా కనబడుతుందని కనిపెట్టాడు. ఆకుపచ్చ వరకు చూడగలిగేది ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము, ఎరుపు కూడా చూసేది పాన్‌క్రొమాటిక్. బ్రోమైడ్ పేపరు పాతరకమే, ఎరుపు చూడదు, అందుకే దానికి ఎర్ర బల్బు క్షేమం. పాన్ ఫిల్ముకు మాత్రం కటిక చీకటి కావాల్సిందే.

దీనికి మా నాయనమ్మ ఫొటోలోనే సాక్ష్యం ఉంది. నుదుటి మీద రూపాయంత కుంకుమబొట్టు నల్లటి కాటుక చుక్కలా పడింది. ఎరుపు కనిపించని ఆర్థో ప్లేటు మీద కుంకుమ, పెదవులు, తాంబూలం నమిలిన నోరు అన్నీ నల్లబడతాయి. మేనత్త ఫొటోలో బొట్టు బూడిదరంగులో ఉంది, అది పాన్ ఫిల్ము. పాత ఫొటోలో బొట్టు చూసి ఫిల్ము రకం పోల్చుకోవడం మా ఇంట్లో ఇప్పుడొక ఆట అయింది.

కటిక చీకట్లో రీలు కడగడానికి ఇప్పుడైతే స్పైరల్ రీలున్న ట్యాంకు వాడతారు. చీకట్లో ఫిల్మును స్పైరల్‌లోకి ఎక్కించి మూత పెడితే తర్వాత పని వెలుతురులోనే చేసుకోవచ్చు. చిన్నాయన మొదటి పదేళ్లు ట్యాంకు లేకుండానే గడిపాడు. రీలు రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకొని ట్రేలోని డెవలపర్లో ఊయల ఊపినట్టు కిందికీ పైకీ ఊపడమే. గడియారం కనబడదు కాబట్టి నిమిషాలను నోటితో లెక్కపెట్టుకునేవాడు. పక్కింటివాళ్లు లోపల ఏదో జపం చేస్తున్నాడనుకునేవాళ్లట.

సీసాల్లో ఏముంది

ఫిల్ముకు డీ-76, పేపరుకు డీ-72. ఈ రెండు కోడక్ ఫార్ములాలు ఊరూరి స్టూడియోల్లో నోటికి వచ్చిన మంత్రాలు. డీ-76 లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, వెలిగారం 2 గ్రాములు. ఇదే వెలిగారాన్ని కంసాలులు బంగారం కరిగించేటప్పుడు వాడతారు, వైద్యంలోనూ ఉంది. మెటాల్ నీడల్లోని వివరాన్ని తొందరగా పైకి తెస్తుంది. హైడ్రోక్వినోన్ ఆలస్యంగా మొదలై గట్టి నలుపు ఇస్తుంది. సల్ఫైట్ గాలికి మందు పాడవకుండా కాపాడుతుంది. వెలిగారం కొద్దిపాటి క్షారం, అది లేకపోతే మెటాల్, హైడ్రోక్వినోన్ సోమరిగా ఉంటాయి. పేపరు రెండు నిమిషాల్లో తేలాలి కాబట్టి డీ-72లో వెలిగారం బదులు బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేట్ పడుతుంది. కలుపు లేవకుండా లీటరుకు 2 గ్రాముల పొటాషియం బ్రోమైడ్ కూడా.

కలిపే వరుస తప్పితే అంతే సంగతులు. మెటాల్ చిక్కటి సల్ఫైట్ నీళ్లలో కరగదు. అలాగని ఒట్టి నీళ్లలో వేస్తే గాలికి రంగు మారుతుంది. అందుకే గోరువెచ్చటి నీళ్లలో ముందు చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్, అది పూర్తిగా కరిగాక మిగతా సల్ఫైట్, ఆ తర్వాతే హైడ్రోక్వినోన్. వంటలో తాలింపు వరుసలాంటిదే ఇది. మెటాల్ కొందరి చర్మానికి పడదు. ఏళ్ల తరబడి చేతులు ముంచిన చిన్నాయన వేళ్లకు ఇప్పటికీ చలికాలంలో దురద. చిమటాలు వాడమని ఉస్తాద్ చెప్పాడట. విననిది ఈయనే.

డెవలపర్ తర్వాత, దాని పని టక్కున ఆపడానికి పలచటి ఎసిటిక్ ఆమ్లం. ఆ తర్వాత హైపో.

హైపో అంటే సోడియం థయోసల్ఫేట్. అది వెండి ఉప్పును కరిగిస్తుందని ఇంగ్లండ్‌లో జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు. ఫొటోగ్రఫీ లోకానికి తెలిసింది 1839లో. అంటే బొమ్మను నిలబెట్టే మందు బొమ్మ కంటే ముందే ఉంది. డెవలపర్ వెలుతురు తగిలిన రేణువులను వెండిగా మార్చింది, సరే. మిగిలిన వెండి ఉప్పు ఇంకా ఎమల్షన్‌లోనే ఉంటుంది, బయట పెడితే మెల్లగా నల్లబడుతుంది. దాన్ని కరిగించి బయటికి లాగేది హైపోనే. పటిక కలిపిన హైపో ఫార్ములాలో లీటరుకు హైపో 240 గ్రాములు, సల్ఫైట్ 15, కొంత ఎసిటిక్ ఆమ్లం, బోరిక్ ఆమ్లం, చివర్న పటిక 15 గ్రాములు. హైపో పలుకులు కరిగేటప్పుడు నీటిలోని వేడిని లాగేస్తాయి. మండుటెండలో కూడా సీసా చేతికి చల్లగా తగులుతుంది. సల్ఫైట్ వేయకముందే ఆమ్లం పోస్తే పాలల్లో నిమ్మకాయ పిండినట్టు విరిగిపోయి గంధకం తేలుతుంది, బకెట్ పారబోయడమే.

హైపో ఎంతసేపు అన్నదానికి మంచి గుర్తు ఒకటుంది. ఫిల్ము తోక ముక్కను వెలుతురులోనే హైపోలో వేస్తే పాల రంగు పోయి అద్దంలా అవుతుంది. అందుకు ఎంత సమయం పట్టిందో దానికి రెట్టింపు ఉంచాలి. వాడేకొద్దీ ఆ సమయం పెరుగుతూ పోతుంది. కొత్త మందుతో పట్టినదానికి రెట్టింపు పడుతోందంటే హైపో అయిపోయినట్టే. అయిపోయిన హైపోలోనూ ఆదాయం ఉంది. ఇనుప పీచు వేసి ఉంచితే ఇనుము కరిగి, నల్ల మడ్డిలా వెండి దిగుతుంది. పాత ఎక్స్‌రే ఫిల్ములు కొనుక్కుపోయేవాళ్లు వెతికేదీ ఈ వెండినే.

నల్లగొండ నీళ్లతో

ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. పుస్తకాలు రాసినవాళ్ల కొళాయిలో ఇరవై డిగ్రీల మంచినీళ్లు వచ్చేవి. దేవరకొండలో నీళ్లంటే బోరు, లేదా బిందెలు.

నల్లగొండ నీళ్లంటే ఎవరికైనా ముందు ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. మనుషుల ఎముకలు వంచిన ఆ ఫ్లోరైడ్‌తో ఫిల్ముకు మాత్రం పెద్దగా పేచీ లేదు. వెండితో కలిసి నీళ్లలో కరగకుండా ఉండేవి క్లోరైడ్, బ్రోమైడ్, అయొడైడ్. సిల్వర్ ఫ్లోరైడ్ నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది, అందుకే ఫిల్ము తయారీలో దానికి చోటే లేదు. ఫొటోకు చిక్కు తెచ్చేది నీటి కాఠిన్యం, అంటే కాల్షియం. డెవలపర్లోని సోడా, సల్ఫైట్‌తో కలిసి అది తెల్లటి సున్నపు పొడిలా దిగి ఫిల్ముకు అంటుకుంటుంది. అందుకే కంపెనీ పొట్లాల్లో కాల్షియంను పట్టి ఉంచే ఫాస్ఫేట్ లాంటి పదార్థం ముందే కలిపి ఉండేది. విడి మందులు తూచుకునే చిన్నాయన నీళ్లు మరగకాచి, రాత్రంతా తేర్చి, పైతేట బట్టలో వడకట్టి వాడేవాడు.

ఫ్లోరైడ్ తీయడానికి 1970ల్లో నాగపూర్ నీరి సంస్థ రూపొందించిన 'నల్లగొండ టెక్నిక్' పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నడుస్తుంది. ఆ పటికకు దగ్గరి చుట్టమే హైపోలోనూ పడుతుంది, వేరే పని మీద. జెలటిన్ వేడికి మెత్తబడుతుంది. ఫార్ములాలన్నీ 20 డిగ్రీలకు రాసినవి. మే నెలలో మా దగ్గర ట్యాంకు నీళ్లు చేయి పెట్టనివ్వవు. నాలుగు డిగ్రీలు పెరిగితేనే డెవలపర్ సమయం దాదాపు మూడో వంతు తగ్గించాలి. ముప్పై దాటితే జెలటిన్ ఉబ్బి, గోరు తగిలితే మీగడలా లేచొస్తుంది. చల్లటి డెవలపర్లోంచి తీసి వేడి నీళ్లలో వేస్తే ఎండిన చెరువులో నల్లరేగడి నెర్రెలు విచ్చినట్టు ఫిల్మంతా సన్నటి పగుళ్లు. పటిక ఆ జెలటిన్‌ను గట్టిపరుస్తుంది. ఎండాకాలంలో ఐస్ గడ్డను ఫ్లాస్కులో తెచ్చి, పెద్ద ట్రేలో పరిచి, దాని మీద మందు ట్రే పెట్టుకునేవాళ్లు. ఐస్ ముక్క మందులో వేస్తే మందు పలచబడుతుంది. కొత్తగా పనిలో చేరిన ప్రతి పిల్లవాడూ ఒకసారి ఆ పని చేసి తిట్లు తిన్నవాడే.

హైపో పని అయ్యాక హైపోనే వదిలించాలి. ఫిల్ము ప్లాస్టిక్ కాబట్టి హైపోను తాగదు, జెలటిన్ పొరలోంచి పోతే చాలు. గాజు ప్లేటూ అంతే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఇంకా ఉన్నాయి. వంద ఏళ్లు దాటి నిలవడానికి గాజు స్వభావం కూడా సాయపడింది.  ఆ కాలపు ఆస్థాన బొమ్మలు ఈ రోజుకీ చూడగలుగుతున్నాం. అదే మా మేనత్త పెళ్లి ఫొటో యాభై ఏళ్లు నిలవలేదు.

ఎందుకంటే కాగితం నారల్లోకి హైపో ఇంకుతుంది. పాతకాలపు బ్రోమైడ్ పేపరుకు పారే నీళ్లలో దాదాపు గంట కావాలి. 1970ల్లో వచ్చిన ప్లాస్టిక్ పూత పేపరుకు నాలుగైదు నిమిషాలు చాలు. పారే నీళ్లు లేని ఊళ్లో గంటసేపు కొళాయి తిప్పే మాటే లేదు. నీళ్లు మార్చి మార్చి కడగడమే దారి. ఒకేసారి పెద్ద గోలెంలో ముంచడం కంటే, కొద్ది నీళ్లు పోసి, కదిపి, పూర్తిగా వంపి, మళ్లీ పోయడమే తక్కువ నీళ్లతో ఎక్కువ హైపోను వదిలిస్తుంది. ఫిల్ముకైతే ఇల్ఫోర్డ్ కంపెనీ చెప్పే లెక్క ఉంది. పటిక లేని హైపో వాడినప్పుడు ట్యాంకు నింపి 5 సార్లు తిప్పి వంపాలి, మళ్లీ నింపి 10 సార్లు, మూడోసారి 20 సార్లు. మూడు ట్యాంకుల నీళ్లతో పని అయిపోతుంది. నీళ్ల కరువు జిల్లాకు రాసినట్టే ఉంటుంది.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. రెండో ప్రపంచయుద్ధం నాటికి ఓడల్లో ఫొటోలు కడిగేవాళ్లకు సముద్రపు నీళ్లలో హైపో మంచినీళ్లలో కంటే తొందరగా వదులుతుందని తెలిసింది. ఉప్పు హైపోను బయటికి తోస్తుంది. హైపో వదిలించే మందులుగా తర్వాత డబ్బాల్లో అమ్మినవి ఆ తెలివితోనే పుట్టాయి. అంటే మనం తిట్టుకునే ఉప్పు బోరు నీళ్లు కడుగుడుకు శత్రువు కాదు. అయితే ఆ ఉప్పునే అలా వదిలేయకూడదు, చివరి కడుగుడు మంచినీళ్లతోనే. ఫిల్ముకైతే బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్, అందులో ఒక్క చుక్క షాంపూ. లేకపోతే ఆరిన ప్రతి నీటి బొట్టూ ఆకాశంలో ఒక తెల్ల మచ్చ అవుతుంది.

కరెంటు, కాగితం

పెద్దది చేసే ఎన్లార్జర్ తలకిందులుగా నిలబెట్టిన ప్రొజెక్టరే. పైన పాలరంగు బల్బు, దాని కింద కండెన్సర్ అద్దాలు, నెగెటివ్, లెన్సు, అడుగున పేపరు. 35 ఎంఎంకు 50 మిల్లీమీటర్ల లెన్సు, 120కి 75 లేదా 80. జిల్లాల్లో దీని శత్రువు కరెంటు. బావుల దగ్గర మోటార్లు ఆన్ చేయగానే వోల్టేజి పడుతుంది. వోల్టేజి 10 శాతం పడితే బల్బు వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. పైగా బల్బు ఎర్రబడుతుంది, ఎరుపు పేపరుకు కనబడదు. పగలు చూసుకున్న పన్నెండు సెకన్లు సాయంత్రం పనికిరావు. స్టెబిలైజర్ కొనేదాకా చిన్నాయన ప్రింటింగ్ అంతా రాత్రి పదకొండు తర్వాతే. ఉస్తాద్ కాలంలో కరెంటే లేదు. ప్లేటును, కాగితాన్ని చెక్క ఫ్రేములో కలిపి బిగించి కందిలి ముందు పెట్టి ప్రింటు తీసేవాడట. ప్లేటు ఎంతో ఫొటో అంతే.

పేపరు మెత్తటిది, నార్మల్, గట్టిది అని నంబర్లతో దొరికేది. నెగెటివ్ చప్పగా ఉంటే గట్టి పేపరు, మరీ కటువుగా ఉంటే మెత్తటిది. మొహం మీద చేయి అడ్డం పెట్టి కొంతసేపు నీడ ఇవ్వడం, ఆకాశానికి ఇంకాస్త వెలుతురు పట్టడం చేతివాటం మీద ఆధారపడేవి. పెళ్లి చూపుల ఫొటోలకు ఇంకో పని ఉండేది, టచింగ్. నెగెటివ్ మీద మొహం ఉన్నచోట సన్నటి కుంచెతో ఎర్ర రంగు పూస్తే అది నీలి కాంతిని ఆపుతుంది, పేపరు మీద మొహం తెల్లబడుతుంది. మొటిమల మచ్చలకు గట్టి పెన్సిల్. ఫోన్లలో ఇప్పుడున్న ఫెయిర్ ఫిల్టర్ కొత్త జబ్బేమీ కాదు. అయితే అప్పుడు దానికి ఒక మనిషి గంటసేపు కూర్చోవాల్సి వచ్చేది, అందుకే కాస్త హద్దులో ఉండేది.

కడిగిన గ్లాసీ ఫొటోను తళతళలాడే క్రోమ్ రేకు మీద బోర్లా వేసి రోలర్ తిప్పి ఆరబెడితే, ఆరాక టప్పుమని తనంతట తనే ఊడి పడేది. ఆ చప్పుడు వింటూ పెరిగిన పిల్లల్లో నేనూ ఒకణ్ని.

మళ్లీ ఆ మూడు ఫొటోలు

మొదటి ఫొటోలో ఉన్నది శుభ్రమైన వెండి, అంతే. ఉస్తాద్ రెండు హైపో ట్రేలు పెట్టేవాడు. మొదటిది సగం వాడిన మందు, రెండోది కొత్తది. మొదట్లో కరిగీ కరగని వెండి రెండోదాంట్లో పూర్తిగా కరిగిపోయేది. తర్వాత పన్నెండుసార్లు నీళ్ల మార్పు, లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచి. అంచుల దగ్గర నల్లటి భాగాల మీద ఏటవాలుగా చూస్తే కనిపించే పాదరసం లాంటి మెరుపు ఉందే, గాలికి వెండి కొంచెం పైకి తేలడం వల్ల వచ్చేది, అంతకు మించి వయసు కనబడలేదు.

రెండోదాంట్లో హైపో మిగిలిపోయింది. "ఒక్క రాత్రిల రెండొందల కాపీలు. హైపో అయిపోయిందని తెలుసు, తెల్లారి ఇయ్యాలె," అన్నాడు చిన్నాయన, దాచకుండా. కాగితంలో మిగిలిన హైపోలోని గంధకం ఏళ్ల మీద వెండిని పట్టుకొని సిల్వర్ సల్ఫైడ్ చేస్తుంది, అదే ఆ పసుపు. విచిత్రమేమిటంటే కావాలని సెపియా టోన్ వేసినప్పుడు జరిగేదీ ఇదే, వెండి సల్ఫైడ్‌గా మారడం. ఒకేసారి, పూర్తిగా, బాగా కడిగిన ఫొటో మీద చేస్తే మామూలు వెండి కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. అక్కడక్కడా, సగం సగం, తనంతట తను జరిగితే పాడైన ఫొటో అంటాం.

మూడోదాంట్లో అసలు వెండే లేదు. కలర్ ఫిల్ములో, కలర్ పేపర్లో వెండి రంగుల్ని పుట్టించే వరకే ఉంటుంది, తర్వాత బ్లీచ్ దాన్ని పూర్తిగా తీసేస్తుంది. మిగిలేవి నీలిపచ్చ, గులాబీ, పసుపు అద్దకపు రంగులు. ఆ కాలపు పేపర్లలో నీలిపచ్చ బలహీనమైనది. చీకట్లో ఉన్నా వేడికి, తేమకు అది పోతుంది. అది పోతే మిగిలేది ఎరుపే. ఆల్బంలో దాచడం వెలుతురు నుంచి కాపాడింది కానీ మా ఇంటి అటక వేడి నుంచి కాపాడలేదు. కడుగుడుదేమీ తప్పు కాదు. కలర్ ఫిల్ము కడిగే సీ-41 పద్ధతిలో డెవలపర్ 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు, అటూ ఇటూ డిగ్రీలో ఏడో వంతు కూడా తేడా రాకూడదు. మే నెలలో మా గది వేడే దాదాపు అంతుంటుంది, కానీ అది అక్కడే నిలబడదు. అందుకే కలర్ రీళ్లు సాయంత్రం బస్సులో హైదరాబాద్ ల్యాబుకు పోయేవి, మూడో రోజు కవర్లో తిరిగొచ్చేవి. జిల్లా స్టూడియోల్లో హైపో వాసన తగ్గడం ఆ బస్సులతోనే మొదలైంది.

మేనత్త ఫొటోను మళ్లీ హైపోలో వేసి, బాగా కడిగి ఆరబెడితే ఇంకా పాడవకుండా ఆగుతుంది గానీ పోయింది తిరిగి రాదు. చిన్నాయన ఆ మాట చెప్పి లేచి, బీరువా కింది అర నుంచి బిస్కట్ డబ్బా తీశాడు. మూత తీస్తూనే వాసన చూశాడు. పాత ఎసిటేట్ ఫిల్ము చెడిపోవడం మొదలైతే పుల్లటి వెనిగర్ వాసన వస్తుంది, ఒకటి చెడితే పక్కవాటినీ చెడగొడుతుంది. అలాంటివి రెండు పక్కన పెట్టాడు. మిగతావి కాగితపు కవర్లలో, వాటి మీద ఊరి పేరు, తేదీ. 'సెల్లె పెండ్లి' అని రాసిన కవర్లో పన్నెండు ఫ్రేములూ ఉన్నాయి. ఫిల్ము హైపోను తాగదు కదా, ఆ రాత్రి తొందరలో కడిగినా నెగెటివ్ నిఖార్సుగా ఉంది. కిటికీకి పట్టి చూస్తే అత్తయ్య తెల్లటి జుట్టుతో, నల్లటి మొహంతో నవ్వుతోంది.

బ్రోమైడ్ పేపరు ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టాను. హైపో, మెటాల్ హైదరాబాద్‌లో ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో దొరికాయి. ఎన్లార్జర్ బల్బు వెలుగుతోంది, లెన్సుకు కాస్త బూజు. ఈసారి ప్రింటు తీసేది నేను. నీళ్ల సంగతి మాత్రం తను చూసుకుంటానన్నాడు చిన్నాయన. పన్నెండుసార్లు మారుస్తాడట, లెక్క నన్ను పెట్టమన్నాడు.